నైజమని తీర్పు చెప్పుటకు ముందు

సూర్యాపేట మొదలు కోదాడ వరకును, అటు మిర్యాలగూడ వరకును గల ఊళ్లలో నేడు కోతిని గూర్చి చెప్పుకొనుటకు ఒక కథ లేని ఇల్లు లేదు. డాబా మీద ఆరబోసిన మిరపకాయలు పోగొట్టుకొన్నవాడొకడు, పెరటి జామచెట్టు పిందె దశలోనే బోడియైనవాడొకడు, కోతుల బాధ పడలేక వేరుసెనగ వేయుటయే మానుకొన్న రైతొకడు, వంటింట దూరిన గుంపును కర్రతో అదలింపబోయి చేయి కరిపించుకొన్న ఇల్లాలొకతె. వీరందరును తుదకు చేరుకొను తీర్పు మాత్రము ఒక్కటే: దాని నైజమే అంత. ఈ తీర్పు కోతితో ఆగిపోయినచో నేనీ వ్యాసము వ్రాయవలసిన పని లేకపోయెడిది. తూము దగ్గర నీటికై కొట్టుకొన్న రైతులను చూచినను, యూరియా బస్తాకై తోసుకొన్న జనమును చూచినను, పరువు పేర జరిగిన హత్యను గూర్చి విన్నను, మనము అదే మాటను అదే స్వరముతో అనుచున్నాము. మనిషి నైజమే అంత, పైకెంత నాగరకుడైనను లోపలనున్నది మృగమే అని. జంతువుల నడవడిని ఓపికతో చూచినవారు గత నూరేండ్లలో ఆర్జించిన జ్ఞానములో అధికభాగము ఈ మాటకు ఎదురుగానే సాక్ష్యము చెప్పుచున్నదని నా దృఢమైన నమ్మకము.

మునగాల దాటిన పిదప జాతీయ రహదారి అంచున, చింతచెట్ల నీడలో కార్లు ఆపుకొను చోటొకటి కలదు. అచ్చట ఒక మధ్యాహ్నము నేను చూచినది చెప్పెదను. కారులో నుండి ఎవరో అరటిపండ్ల హస్తమొకటి రోడ్డు పక్కకు విసరిరి. తోక నిక్కించుకొని బలిసిన మగకోతి యొకటి ముందు వచ్చి దానిపై కూర్చుండెను. తక్కినవి చుట్టును నిలిచినవి. చంటిపిల్లను పొట్టకు హత్తుకొన్న తల్లి యొకటి వెనుకనుండి చేయి చాచి, రెండు పండ్లు లాగి, నమలకయే దవడసంచులలో కుక్కుకొని పరుగెత్తెను. దాని వెంటపోబోయిన పిల్లకోతికి మెడమీద కాటు పడెను, అది అరచెను, ఆ అరుపునకు మరి నాలుగు కోతులు వచ్చి కలియబడెను. ఇదంతయు నిమిషములో ముగిసినది. కారు వెడలిపోయిన పావుగంటకు అదే గుంపు చెట్టెక్కి చింతచిగురు తినుచుండెను. మగకోతికి మూరెడు దూరమున ఆ తల్లియు, దానికి పై కొమ్మన కాటు తిన్న పిల్లయు. ఒకదానివంక ఒకటి కన్నెత్తి చూడలేదు. కొంతసేపటికి వేరొక ఆడకోతి వచ్చి ఆ పిల్ల మెడవెంట్రుకలు పాయలు తీసి చూచుచు కూర్చుండెను.

ఈ రెండు దృశ్యములలో ఏది కోతి నైజము? రెండును అనక తప్పదు. చిగురు చెట్టంతయు పరచుకొని యుండును. ఒకడు కాపలా కాచి ఒరులకు లేకుండ చేయుటకు అది వీలుపడదు, కనుక కలహించిన లాభము లేదు. పండ్లహస్తము ఒక్కచోట కుప్పగా పడును. బలవంతుడు దానిపై కూర్చుండగలడు, కనుక కలహమునకు విలువ వచ్చును. ఆహారము చెదరియుండునా, కుప్పపడియుండునా అను ఒక్క భేదమువలన కోతుల గుంపులలో పోట్లాటయు, పెద్దరికపు కాఠిన్యమును ఎంతగానో మారునని వానరముల సంఘజీవనమును పరిశీలించిన శాస్త్రజ్ఞులు అనేక దేశములలో గమనించిరి. దేవాలయముల మెట్ల వద్దను, దాబాల వెనుకను, చెత్తకుప్పల మీదను మనము పోయుచున్నది కుప్పలే. మర్రి, రావి, మేడి, తునికి, రేగు, సీతాఫలము అంచెలంచెలుగా కాచుచు, గుంపును రోజంతయు తిప్పుచు పోషించిన గుట్టలు కొన్ని కంకరయైనవి. రహదారి నాలుగు వరుసలైనప్పుడు దాని కిరువైపుల నున్న ముదురుచెట్లు పోయినవి. పైగా గోదావరికిని కృష్ణకును నడుమ నున్న మన నేల రెండు జాతుల కోతులకు సరిహద్దు వంటిది. నెత్తిమీద వెంట్రుకలు టోపీవలె సుడిగొని, ఒంటికన్న పొడుగైన తోక గలది దక్షిణాది కోతి. పొట్టితోక, ఎర్రని పిరుదులు గలది ఉత్తరాది కోతి. ఒకప్పుడు తూర్పున గోదావరి వీటికి ఎల్లగా ఉండెడిది. కొన్ని దశాబ్దములుగా ఉత్తరాది కోతి దక్షిణమునకు వ్యాపించి రెండవదానిని తరుముచున్నది. ఒక ఊరివారు పట్టించి మరియొక ఊరి పొలిమేరలో వదలుటయు ఈ వ్యాప్తికి ఒక కారణమని పరిశోధకులు చెప్పుచున్నారు. తన చేతలతో కల్పించిన పరిస్థితిలో జంతువు చూపిన ప్రవర్తనను మనిషి దాని పుట్టుగుణముగా వ్రాసిపెట్టుచున్నాడు.

ఇక మన సంగతి. 2025 వానాకాలములో యూరియా కరవైనప్పుడు తెలంగాణ అంతటను సహకార సంఘముల ముందు రైతులు తెల్లవారకమునుపే వచ్చి, తమకు బదులు చెప్పులను, పాసుపుస్తకముల నకళ్లను వరుసలో పెట్టి, లారీ వచ్చిన క్షణమున ఆ వరుస నిలువక ఒకరినొకరు నెట్టుకొనిరి. వీరు ఆ నెలకు ముందు నాట్లవేళ ఒకరి పొలమునకొకరు బదులు పోయినవారే. ఒకని ఎడ్లు కుంటుపడినచో మరియొకడు ట్రాక్టరు తోలిపెట్టినవారే. సాగరు ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ఆయకట్టులలో ఇదే సంగతి వేరొక రూపమున ప్రతి కరవునను కనబడును. వారబందీ ప్రకారము తన వంతు నీరు తనకు వచ్చి తీరునన్న నమ్మకమున్న యేట చివరి భూముల రైతు ఇంటివద్ద నిదురపోవును. ఆ నమ్మకము చెడిన యేట అతడే గడ్డపార భుజాన వేసికొని రాత్రియంతయు తూము వద్ద కూర్చుండును. మనిషి మారలేదు; వంతు మీద విశ్వాసము మారినది. దీనిని చూచిన అధికారి ‘మనవాళ్లకు క్రమశిక్షణ లేదు’ అని ముగించినచో, అతడు చింతచెట్టును చూడక పండ్లహస్తమును మాత్రము చూచినవాడు.

ఇట్టి పొరపాటు పామరులకే పరిమితము కాదు. 1925లో లండను జంతుప్రదర్శనశాలలో ఒక కృత్రిమపు గుట్టను కట్టి, దానిపై వందకు దగ్గరగా బబూన్లలో ఒక జాతి వానరములను వదలిరి. ఆ జాతిలో ఒక్కొక్క మగవాని వెంట కొన్ని ఆడవి కలకాలము నడచును. ఇచ్చట దాదాపు అన్నియు మగవే, ఆడవి మిక్కిలి కొద్ది. ఆడవాటికై జరిగిన పోరాటములలో పెక్కు చచ్చినవి. తరువాత తెచ్చి కలిపిన ఆడవాటిలో సైతము పెక్కు చచ్చినవి. సోలీ జుకర్‌మన్ ఈ రక్తపాతమును సూక్ష్మముగా చూచి 1932లో వానరముల సంఘజీవనముపై గ్రంథము ప్రకటించెను; వానరసమాజమనగా కామమును, బలప్రయోగమును అని చదువరుల మనస్సులలో నాటుకొనెను. 1960 ప్రాంతమున హాన్స్ కుమ్మర్ ఇతియోపియాలో ఎండుకొండలపై అదే జాతిని దాని సొంత నేలమీద చూచినప్పుడు ఒకని జతను మరియొకడు సామాన్యముగా ముట్టకుండుటయు, రాత్రి వందలాదిగా ఒకే కొండచరియపై పడుకొనుటయు వెల్లడియైనవి. చెరసాలలో చూచిన దానిని స్వభావమనుకొనుట వలన ఒక తరము శాస్త్రము తప్పుదారి నడచినది.

అంతకన్న పెద్ద తప్పులును కలవు. జంతుప్రవర్తనను ఒక శాస్త్రముగా నిలిపినందులకు 1973లో నోబెల్ బహుమతి పొందిన మువ్వురిలో తేనెటీగల నృత్యభాషను విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌ను అటుంచి, తక్కిన ఇద్దరి జీవితములను పక్కపక్కన ఉంచి చూడుడు. కోన్రాడ్ లోరెంజ్ 1938లో నాజీ పక్షమున చేరెను. పెంపుడు జంతువులలో సహజగుణములు క్షీణించునన్న తన వాదమును మనుష్యజాతులకు అంటగట్టి, ఆ ప్రభుత్వపు భాషలోనే వ్యాసములు వ్రాసెను. నికో టింబర్గెన్ లైడెన్ విశ్వవిద్యాలయమున యూదు ఆచార్యులను తొలగించుటను ఎదిరించి, 1942 నుండి రెండేండ్లపాటు జర్మనుల నిర్బంధశిబిరములో గడపెను. ఇద్దరును బాతులను, చేపలను, సముద్రపక్షులను చూచినవారే, ఒకప్పుడు కలసి పనిచేసినవారే. జంతువును చూచినంతమాత్రమున మనిషికి నీతి అబ్బదు. అయినను టింబర్గెన్ 1963లో పరిశోధకులకు ఇచ్చిన నాలుగు ప్రశ్నలను నేను ప్రతి పాఠశాల గోడమీద వ్రాయదగినవిగా భావింతును: ఈ ప్రవర్తన ఇప్పుడు దేనిచేత ప్రేరితమైనది, ఈ జీవి పెరుగుదలలో ఇది ఎట్లేర్పడినది, దీని వలన దానికి ఏమి ప్రయోజనము, పూర్వజాతుల నుండి ఇది ఎట్లు పరిణమించినది. నైజమని చేతులు దులుపుకొనువాడు ఈ నాలిగింటిలో ఒక్కదానినైనను అడుగడు.

పుట్టుకను గూర్చిన వాదమును తీసికొనుడు. కోతులలో పెద్దరికము తల్లినిబట్టి వచ్చును; గొప్ప తల్లి కూతురు, బలములో తనకు మించిన ముదుసలులపై సైతము అధికారము చేయును. జపాను శాస్త్రజ్ఞులు 1950లలో దీనిని గుర్తించిరి. ఇది వినగానే మనదేశమున కొందరి ముఖములు వికసించును: చూచితిరా, పుట్టుకను బట్టి హోదా ప్రకృతిసిద్ధమే గదా అని. వారు తరువాతి అధ్యాయమును కూడ చదువవలెను. 1980లలో మాంట్రియల్ విశ్వవిద్యాలయమున బెర్నార్ షపే అను ఆచార్యుడు జపాను కోతులలో అట్టి గొప్పింటి పిల్లను తల్లి నుండి, అక్కల నుండి వేరుచేసి, తక్కువ హోదా గల కుటుంబము నడుమ ఉంచి చూచెను. దాని అధికారము నిలువలేదు. నిన్నటివరకు దానికి లొంగినవే దానిని లొంగదీసినవి. హోదా రక్తములో లేదు. పోట్లాట వచ్చినప్పుడు వెనుక ఎవరు నిలుచుచున్నారన్న దానిలో ఉన్నది. ‘బాంచెను, నీ కాల్మొక్త’ అనుట వెట్టివారి రక్తములోనే ఉన్నదని గడీలలో తలచినవారు మన జిల్లాలో ఉండిరి. 1946 నుండి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటమున సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాల పల్లెలలో ఆ మనుష్యులే, వారి వెనుక సంఘము నిలిచిన నాడు, దొర ముందు చెప్పులు విడువక నిలువబడిరి.

2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో పట్టపగలు, గర్భవతియైన భార్య కన్నుల యెదుట ఒక దళిత యువకుని నరికి చంపిరి. తక్కువ కులమువాడు తమ పిల్లను పెండ్లాడెనన్నదే నేరము. ఆ కేసులో నల్లగొండ న్యాయస్థానము 2025 మార్చిలో ఒకనికి మరణశిక్షయు, ఆరుగురికి యావజ్జీవమును విధించినది. ఆ హత్యను ఖండించిన మంచివారు పెక్కురు దానిని పశుప్రవృత్తి అనిరి. పశువులకు ఇంతకన్న అన్యాయము వేరొకటి లేదు. మగకోతి యౌవనము రాగానే పుట్టిన గుంపును విడిచి పరాయి గుంపు కడకు పోవును. అచ్చటి ఆడవి, మొదట బెదరించినను, క్రమముగా దానిని చేర్చుకొనును. గుంపులలో పిల్లల తండ్రులు చాలవరకు వెలుపలివారే. కోతి ఇట్లు చేయుచున్నది కనుక మనమును చేయవలెనని నేననుట లేదు. ప్రకృతిని సాక్షిగా పిలుచువారికి ఆ సాక్షి నిజముగా చెప్పునదేమో వినిపించుచున్నాను. ఆ హత్యలోవలె డబ్బిచ్చి హంతకుని కుదుర్చుకొనుటకు జంతులోకమున పోలిక లేదు. అది మనము కట్టుకొన్న వ్యవస్థ ఫలము, కనుక మనము విప్పవలసినది.

అట్లని జంతువులు సాధువులన్న వాదమును నేను ఒప్పుకొనను. జేన్ గుడాల్ 1960 నుండి టాంజానియాలోని గోంబే అడవిలో చింపాంజీలను పేరుపేరున ఎరిగి చూచినది. అవి పుల్లలతో చెదలు తీసి తినుటను లోకమునకు చెప్పినది. ఆమెయే 1974 మొదలు నాలుగేండ్లలో ఒక గుంపు, తననుండి చీలిన గుంపులోని మగవాటిని ఒక్కొక్కదానినిగా వెదకి చంపుటను కూడ చెప్పవలసివచ్చెను. ఆమె దానిని దాచలేదు. హింస చేయు శక్తి మన బంధువర్గములో ప్రాచీనమైనది. సంధి చేసికొను శక్తియు అంతే ప్రాచీనమైనది. హాలెండులోని ఆర్నెమ్ జంతుశాలలో ఫ్రాన్స్ డివాల్ 1970లలో చింపాంజీల పోట్లాటలను లెక్కించుచు, పోట్లాడినవి కొంతసేపటికి ఒకదానినొకటి వెదకికొనుచు వచ్చి కౌగిలించుకొనుటను మొదట గమనించెను. రెండు శక్తులలో దేనిని ఏ పరిస్థితి మేల్కొలుపునన్నదే అడుగవలసిన ప్రశ్న.

దీనికి నేనెరిగిన ఉత్తమమైన ఉత్తరము మన దేశపు కోతులే ఇచ్చినవి. 1938లో క్లారెన్స్ కార్పెంటర్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు భారతదేశమున 409 ఉత్తరాది కోతులను పట్టించి, ఓడలో పోర్టోరికో తీరమున కాయో శాంటియాగో అను చిన్న దీవికి చేర్చెను. వాటి సంతతి నేటికిని అచ్చట ఉన్నది. ఏ కోతి ఎవరి బిడ్డయో తరతరముల లెక్క ఉన్నది. ఈ జాతి కలహప్రియత్వమునకు పేరుపడినది. 2017 సెప్టెంబరులో మరియా అను పెనుతుపాను ఆ దీవి చెట్లలో సగమునకు పైగా నేలకూల్చెను. ఎండ వేడికి నీడయే ప్రాణమైనది. నీడయో కొద్దిగనే మిగిలినది. కుప్పపడిన ఆహారమునకు కొట్టుకొనునట్లే నీడకు కొట్టుకొనునని ఎవరైనను ఊహింతురు. జరిగినది వేరు. ఆ కోతులు మునుపటికన్న ఎక్కువ వాటితో చెలిమి చేసినవి, ఎన్నడు పొసగని వాటి పక్కన సైతము మౌనముగా నీడలో కూర్చుండుట నేర్చినవి. ఇతరులను ఓర్చుకొనినవాటికి మరణప్రమాదము తగ్గినదని 2024లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. చదివినప్పుడు నాకు 2024 సెప్టెంబరు 1 తోచినది. ఆనాడు ఎడమ కాలువకు నడిగూడెము మండలమున గండిపడి, కోదాడ వీధులు ఏరులైనవి. పొరుగుననే ఖమ్మములో మున్నేటి వంతెనపై చిక్కుకొన్న 9 మందిని, రక్షణదళములు చేరకమునుపే, ఒక జేసీబీ డ్రైవరు ప్రాణములకు తెగించి తెచ్చెను. ఏడాది తిరుగకమునుపే ఆ ప్రాంతముననే యూరియా వరుసలు చెదరినవి. జనము వారే. ఒక ఆపద వారిని కలిపినది, ఒక కొరత విడదీసినది. నీడ ఒకడు అనుభవించినంతమాత్రమున తరుగదు, పక్కవానికిని చాలును. బస్తా ఒకనికి పోయినచో వేరొకనికి లేదు. ఈ భేదమును ఎరిగి సరఫరాను ఏర్పరచుట పాలకుల పని.

గుణము నిలుచునా, మారునా అన్న సందేహమునకు కెన్యాలో రాబర్ట్ సపోల్‌స్కీ చూచిన బబూన్ల గుంపును గూర్చి కూడ ఒక్కమాట. ఒక పర్యాటకుల విడిది చెత్తకుప్పకై పరాయి గుంపుతో నిత్యము కొట్లాడపోవుచుండిన దుడుకు మగవి, క్షయ సోకిన మాంసము తిని 1980లలో చచ్చినవి. మిగిలిన గుంపు శాంతించినది. వింత యేమనగా, తరువాతి సంవత్సరములలో వెలుపలినుండి వచ్చి చేరిన మగవి కూడ ఆ శాంతమునే నేర్చినవి. చిన్నవాటిని హింసించుట ఆ గుంపులో పదేండ్ల తరువాతను తగ్గియే ఉండెను. బబూన్లకే ఆచారము ఇట్లు మారగలిగినప్పుడు, మిర్యాలగూడ మారదని నిరాశపడువారితో నేను ఏకీభవింపలేను.

అయితే చూచుట నేర్వనిచో ఇదంతయు నిష్ఫలము. గుడి మెట్లమీద పిల్లవాడు కోతి కళ్లలోనికి నిదానించి చూచి పళ్లు కనబడునట్లు నవ్వును. చూపు గుచ్చుట కోతిభాషలో సవాలు. అది నోరు గుండ్రముగా తెరచి ముందుకు వంగును. అది బెదరింపు అని మనకు తెలియదు. మరియొకప్పుడు బలహీనమైన కోతి పెదవులు వెనుకకు లాగి పళ్లు బయటపెట్టును. అది లొంగుబాటు, భయము. మనము దానిని వెక్కిరింతగా తలచి రాయి విసరుదుము. మన చిరునవ్వునకు మూలము ఈ పళ్ల ప్రదర్శనయే కావచ్చునని యాన్ ఫాన్ హోఫ్ 1972లో వాదించెను. ఇంత దగ్గరి చుట్టము మొగము చదువుట మన బడులలో ఎవరును చెప్పరు. పంచాయతీలు మాత్రము కోతులను తలకింత అని డబ్బిచ్చి పట్టించుచున్నవి. తల్లులు, పిల్లలు వేర్వేరు బోనులలో పడి చెదరిన గుంపు కొత్తచోట మరింత ఆగడము చేయుచున్నది. ఖాళీయైన చోటికి వేరొక గుంపు వచ్చుచున్నది. నిర్మలు దగ్గర 2020 చివర కోతులకు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు చేయు కేంద్రమును తెరచుట మంచి పని. కాని ఏ ఊర ఏ జాతి, ఎన్ని గుంపులు, ఏ తిండి మీద బ్రతుకుచున్నవో తెలియక ఒక్క కేంద్రము ఏమి చేయగలదు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డిగ్రీ కళాశాలలలో జంతుశాస్త్రము చదువు పిల్లలు కప్ప బొమ్మలు గీయుటతో సరిపుచ్చక, నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయపు ఆచార్యుల సాయముతో ఒక్కొక్క గుంపును ఏడాదిపాటు చూడవలెను. పద్ధతి కొత్తగా కనిపెట్టనక్కరలేదు. జీన్ ఆల్ట్‌మన్ 1974లోనే దానిని నిర్దుష్టముగా చెప్పినది: ఒక జంతువును ఎన్నుకొని, నిర్ణీతమైన కొన్ని నిమిషములు అది చేసినదంతయు, మనకు ఆసక్తి కలిగించినను కలిగింపకున్నను, వ్రాసికొని, తరువాత వేరొకదానికి పోవలెను. అట్లు వ్రాసికొను పుస్తకములో వేళ, చోటు, తిండి, పక్కన నున్నదెవరు, ముందు కదిలినదెవరు అను గడులు ఉండును. మనుష్యులకు కూడ ఒక గడి కేటాయింపుడు: పండు విసరినదెవరు, రాయి విసరినదెవరు, చెత్త ఎత్తినదెవరు. ఆ గడి నిండిన పిదప ఏ ఊర కోతులను పట్టవలెనో, ఏ ఊర దాబాల వెనుక కుప్పలను తీయించవలెనో, ఏ దారి పొడవున రావి, మేడి మొక్కలు నాటించవలెనో కలెక్టరులు లెక్క చూచి చెప్పగలరు.